ఆరో పిచ్చుక

"ఆ పెద్దాయన కళ్ళు కనబడనట్టు నటిస్తున్నాడు."

కళ్ళజోళ్ళ షాపాయన భార్య చెవిలో అన్నాడు.

"కళ్ళజోడు కోసం వచ్చిన మనిషికి ఆ నటన ఎందుకండీ?" అందావిడ.

అదే ఆయనకీ అంతుపట్టడం లేదు.

ముసలాయన వారం కిందట షాపుకొచ్చాడు. గోడమీది పట్టికలో అన్నిటికన్నా పెద్ద అక్షరం తప్ప ఒక్కటీ చదవలేకపోయాడు. కొలతలిచ్చి, అరల్ని పట్టుకుని నడుస్తుంటే చేతికి ఒక ఇత్తడి స్టవ్వు తగిలింది.

షాపాయనకి పాత ఇత్తడి పంపు స్టవ్వులంటే పిచ్చి. కొండలెక్కేవాళ్ళు, అడవిలో గుడారం వేసుకునేవాళ్ళు సంచిలో వేసుకుపోయే బుల్లి స్టవ్వులవి. అలాంటివి నలభై దాకా పోగుచేశాడు. వాటిలో ఆరంటే ఆయనకి ప్రాణం. ఆ ఆరింటి అడుగునా ఆవగింజంత పిచ్చుక ముద్ర ఉంది. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీలో ఎవరో పనివాడు ప్రతి స్టవ్వూ తానే వెలిగించి చూసి, నమ్మకం కుదిరితేనే ఆ ముద్ర కొట్టేవాడట. అతనెవరో ఎవరికీ తెలియదు.

"ఆ మహానుభావుడు కనబడితే కాళ్ళకి దండం పెడతాను" అని షాపాయన వచ్చినవాళ్ళందరితో అంటుండేవాడు.

ముసలాయన స్టవ్వు తిరగేసి, అడుగున బొటనవేలితో ఒక్కసారి తడిమాడు.

"పిచ్చుక" అన్నాడు.

భూతద్దం లేనిదే షాపాయనకే కనబడని ముద్ర అది!

ఇక రోజు విడిచి రోజు హాజరు.

"అద్దాలొచ్చాయా బాబూ?"

"రాలేదు."

"పోనీ, ఒకసారి ఆ స్టవ్వులు పట్టుకు చూడనా?"

ముసలాయన వెళ్ళాక షాపాయన అన్నీ లెక్కపెట్టుకునేవాడు.

"అద్దాలు సాకు. అతని కన్నంతా మన స్టవ్వుల మీదే."

"ఆ కన్ను కనబడదని కొలతలు రాసింది మీరేగా?" అని భార్య నవ్వింది.

ఆదివారం పాత స్టవ్వులు పోగుచేసేవాళ్ళ సంఘం సభ. ఎవరి స్టవ్వు వాళ్ళు అందరి ముందూ వెలిగించాలి. షాపాయన ఈమధ్యే కొన్న ఆరో పిచ్చుకని తీసుకెళ్ళాలని తళతళా తోమి పెట్టాడు.

గురువారం ముసలాయన వచ్చాడు. అయిదు పిచ్చుక స్టవ్వులూ ఒక్కొక్కటే తడిమి, నవ్వుకుని పెట్టేశాడు. ఆరోదాని మీద వేలు ఆగిపోయింది. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి విన్నాడు. నవ్వు పోయింది.

"ఇది వెలిగించకండి బాబూ."

"ఏం?"

"అతుకు మంచిది కాదు. ఈ పిచ్చుక కూడా..."

"ఊఁ. ఇప్పుడు నాకిచ్చేయండి అంటారు. అంతేగా?"

"ఇచ్చేస్తే మంచిదే."

దొరికాడు దొంగ, అనుకున్నాడు షాపాయన.

"ఇంతింత అక్షరాలు కనబడవు గానీ అతుకు కనబడిందా?"

"కంటికి కాదు బాబూ. చేతికి తెలుస్తుంది."

"మాటలు కోటలు దాటుతున్నాయి. మీ అద్దాలు మీ ఇంటికే పంపిస్తాను. ఇంకోసారి నా గడప తొక్కకండి."

ముసలాయన కదల్లేదు.

"సభలో పంపు కొట్టేది మీరేనా?"

"నాకు భుజం నొప్పి. మా ఆవిడ కొడుతుంది. మీకెందుకు?"

ముసలాయన ఆవిడ గాజుల చప్పుడు వినబడ్డ వైపు తిరిగాడు.

"కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?"

ఆవిడ లోపలికెళ్ళింది. ఈలోగా ఫోన్ మోగితే షాపాయన అటు తిరిగాడు. ముసలాయన నీళ్ళు తాగి, గ్లాసు తడుముకుని బల్లమీద పెట్టి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం సభలో సంచి విప్పితే ఆరో స్టవ్వుకి నాజిల్ లేదు. వడ్లగింజంత ముక్క. అది లేకపోతే స్టవ్వు వెలగదు.

"నే చెప్పలేదూ!" అన్నాడు షాపాయన పళ్ళు నూరుతూ.

చుట్టూ స్టవ్వులన్నీ బుసకొడుతుంటే ఆయనదొక్కటే చల్లగా కూర్చుంది. ఆయన మాత్రం చల్లబడలేదు. ముసలాయన ఆనవాళ్ళు సభంతా తిరిగి చెప్పాడు.

"అలాంటి మనిషి వస్తే ఛాయలకి రానివ్వకండి. పచ్చిదొంగ."

సోమవారం ఒకావిడ చిన్న గుడ్డమూట పట్టుకుని షాపుకొచ్చింది.

"మా మేడమీద గదిలో అద్దెకుండేవారండీ ఆ పెద్దాయన. శనివారం నిద్రలోనే పోయారు. ఇది మీకిమ్మని ముందురోజే నా చేతికిచ్చారు. రెండు రోజులుగా తీరికలేక..."

మూటలో నాజిల్ ఉంది. వేలెడంత ఉక్కు ముక్క ఒకటి ఉంది. ఒక కాగితం ఉంది. గోడమీది పట్టికలో ఉన్నంత పెద్ద అక్షరాలు, వంకరటింకరగా.

"అయిదూ వెలిగించుకోండి. ఆరోది వద్దు. పంపు కొట్టే అమ్మ మొహం దగ్గరుంటుంది."

భార్య ఆరో స్టవ్వుకి నాజిల్ బిగించి, కిరసనాయిలుకి బదులు నీళ్ళు పోసి, పంపు కొట్టింది. పదోసారికి అతుకు చీలి, నీళ్ళు చివ్వున ఆవిడ కళ్ళలోకి చిమ్మాయి.

అవి నీళ్ళు కాబట్టి తుడుచుకుంది.

షాపాయన స్టూలు మీద కూలబడ్డాడు. ఎదురుగా ముసలాయన కళ్ళజోడు పెట్టెలో సిద్ధంగా ఉంది. పొద్దునే వచ్చింది. సిగ్గుతో దానివంక చూడలేకపోయాడు.

"ఆ ముక్కేమిటండీ?" అంది భార్య.

ఉక్కు ముక్క మొనమీద ఆవగింజంత బొడిపె ఉంది. ఆరో స్టవ్వు అడుగున ముద్రకి ఆనించాడు. ఇమడలేదు.

మొదటి స్టవ్వు తిరగేసి, మొనని పిచ్చుక మీద పెట్టాడు. ముక్కు నుంచి తోక దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా, తన గూట్లోకి తానే వచ్చినట్టు, అది వెళ్ళి కూర్చుంది.