నడిమి పోగు

"పిడుగూ, గొట్టాలు ఐసులోంచి తియ్యమని మీ నాన్నతో చెప్పు," అంది ఆవిడ, మిషను మీంచి చూపు తిప్పకుండా.

"ఎప్పుడో తీశానని మీ అమ్మతో చెప్పు," అన్నాడు ఆయన, అటు తిరిగే.

మొగుడూ పెళ్ళాలు. ఇద్దరూ ఒకే ల్యాబులో సైంటిస్టులు. కిటికీ పక్క బల్ల ఆయనది, గోడ పక్క బల్ల ఆవిడది. మధ్యలో ఎత్తు స్టూలు పాపది. ఇద్దరి మధ్యా ఏ మాట నడవాలన్నా ఆ స్టూలు మీదుగానే నడవాలి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

ఈ అలవాటు ఈనాటిది కాదు. పాపకి మాటలొచ్చిన కొత్తలో మొదలైంది. ఎవరి పిపెట్ ఎవరు తీశారన్న దగ్గర ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. కబుర్లు మొయ్యడానికి పాప దొరికింది. బడి వదలగానే నేరుగా ల్యాబుకే వచ్చేది. పిల్లలు లోపలికి రాకూడదని సేఫ్టీ ఆఫీసరు మొదట్లో చిందులు తొక్కాడు. చివరికి ఆయనే దాని మొహానికి సరిపోయే బుల్లి గాగుల్స్ తెప్పించి పెట్టాడు.

పిడుగు కబురు మోస్తే ఉన్నదున్నట్టు మోసేది కాదు. దారిలో తనదొక మాట కలిపేది. "కూరలో ఉప్పెక్కువైందని చెప్పు" అని ఆయనంటే, "అమ్మా, ఉప్పెక్కువైందట, అయినా బాగుందట" అనేది. "చెవుడేమో అడుగు" అని ఆవిడంటే, "నాన్నా, అమ్మ నిన్ను పిలుస్తోంది" అనేది. ఆ కలిపిన మాటల మీదే వాళ్ళ కాపురం నిలబడిందని ల్యాబులో అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఏడాదిగా పాప కూడా మాట కలపడం మానేసింది. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే మానేశారు. గొడవైతే ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. ఇది గొడవ కాదు. పక్కపక్కనే ఉండి చెరో మూలా కుమిలిపోయేవాళ్ళు. ఈ పని అయిపోతే ఎవరి దారి వాళ్ళదేనని అందరికీ భయంగా ఉండేది.

పని చిన్నది కాదు. పిల్లల నెత్తుట్లో పుట్టే ఒక పాడు జబ్బు ఉంది. ఆ జబ్బు కణం మీద ఒక ప్రొటీన్ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే చిన్న డీఎన్‌ఏ పోగుని ఆప్టమర్ అంటారు. ఆయన తయారుచేసిన ఆప్టమర్ ప్రొటీన్‌ని ఒక చోట పట్టుకుంటుంది, ఆవిడది ఇంకో చోట. విడివిడిగా రెండూ చేతకానివే. కాస్త కడిగితే చాలు, జారిపోతాయి. రెంటినీ కలిపితే, ఒకటి జారినా రెండోది వదలదు. ఈలోగా జారింది మళ్ళీ అందుకుంటుంది.

కలపడమే కష్టం. నేరుగా అతికిస్తే ఒకదానికొకటి అడ్డం. మధ్యలో ఇంకో పోగు కావాలి. ఆ నడిమి పోగు దేన్నీ పట్టుకోదు. ఊరికే మధ్యలో ఉంటుంది, అంతే. కురచైతే రెండో చోటు అందదు. మరీ పొడుగైతే దేనికది అయిపోతుంది. ఎన్ని పొడుగులు మార్చి చూసినా ఇంతవరకు ఒక్కటీ కుదరలేదు.

ఇవాళ్టిదే ఆఖరిది. ఇదీ జారిపోతే పని ఆపేస్తామని డైరెక్టరు ముందే చెప్పేశాడు. ఆయన కింది అంతస్తుకి, ఆవిడ పక్క భవనానికి. గదిలో సామానంతా స్టోరుకి.

"సామానంతానా?" అని మాత్రం అడిగింది ఆవిడ. ఆ పూట అన్నం ముట్టలేదు.

డైరెక్టరు వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. కూర్చుందామని డైరెక్టరూ చూడలేదు.

మిషను తెర మీద గీత పైకెక్కింది. పట్టు దొరికిందన్నమాట. ఎక్కడం గొప్ప కాదు, ఇంతకుముందువీ ఎక్కాయి. కడిగినప్పుడు దిగకుండా ఉండాలి.

"పిడుగూ, ఇక కడగనా అని మీ అమ్మని అడుగు," అన్నాడు ఆయన.

పాప ఏమీ అనలేదు.

"కడగమని చెప్పు," అంది ఆవిడ.

ఆయన కడిగే ద్రవం, బఫర్, వదిలాడు. గీత కొద్దిగా వంగింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన రెప్ప వెయ్యలేదు. గీత ఒకసారి ఊగి, అక్కడే ఆగింది. మళ్ళీ కడిగాడు. ఆగే ఉంది. ఇంకా కడిగాడు. కదల్లేదు.

"పట్టుకుంది," అన్నాడు డైరెక్టరు మెల్లగా. "ఇక ఈ గది జోలికి ఎవరూ రారు. నాది పూచీ."

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్ళకి సూటిగా ఆవిడ మొహంలోకి చూశాడు.

"చూశావా? వదల్లేదు!"

ఈ ఒక్క మాట కోసమే ల్యాబంతా ఎదురుచూసింది.

ఆవిడ పెదవులు అదిరాయి. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"నాతో కాదండీ. ముందు దానికి చెప్పండి."

ఆయన స్టూలు దగ్గరికి వచ్చి, నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు.

"పిడుగూ, పట్టు నిలిచిందని మీ అమ్మతో చెప్పరా తల్లీ. నీదొక మాట కలిపి చెప్పు."

ఆవిడ వంగి, స్టూలు మీదున్న బుల్లి గాగుల్స్‌ని రెండు చేతులా తీసి గుండెకి హత్తుకుంది. నిరుడు ఈ జబ్బే పాపని తీసుకుపోయాక, ఆ స్టూలు మీద మిగిలినవి అవే.