పదిహేడో ఫారం

“సంతకం పెట్టను,” అన్నాడు కొడుకు, మూడో రోజు కూడా.

“అయ్యా, మహానుభావా! ఒక్క ఫారం దగ్గర మూడు రోజులా?” ప్రొఫెసరు తల పట్టుకున్నాడు. “పదిహేడు దాటితే కదా పద్దెనిమిది!”

మూలన బెంచీ మీద కూర్చున్న తల్లికి పదిహేడు అనే మాట వినపడినప్పుడల్లా గుండెల్లో రాయి పడుతోంది.

ఆటిజం మీద పరిశోధన అది. ఇరవై ఏళ్ళ కిందట ఆటిజం పిల్లల తల్లులు నింపిన ఫారాల్ని మళ్ళీ చదువుతున్నారు. ఈసారి ఆటిజం ఉన్నవాళ్ళే భాగస్వాములుగా ఉండాలని ప్రొఫెసరు పట్టుబట్టి ఆమె కొడుకుని పిలిపించుకున్నాడు. ఫారం చివర తల్లి రాసిన కోరిక చదివి, బల్ల మీదున్న మూడు ట్రేల్లో ఒకదాంట్లో వెయ్యాలి. ఆశ, భయం, అయిష్టం. ఇద్దరి సంతకాలూ పడితే తప్ప కాగితం కదలదు. కొడుకుదా, ఉడుంపట్టు. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఇంటి మెట్లే రోజూ లెక్కపెట్టందే ఎక్కడు.

వాడికి ఉద్యోగం వచ్చిందని తల్లి ఎంత పొంగిపోయిందో! అవి ఏ ఫారాలో తెలిశాక ఆ సంబరం కాస్తా ఆవిరైపోయింది. ఆస్పత్రి వరండాలో, వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఒళ్ళో కాగితం పెట్టుకుని తనూ ఒకటి నింపింది. నర్సు దాని మీద పదిహేడు అని వేసింది. నిద్ర, తిండి, అలవాట్ల గురించి ఏం రాసిందో ఒక్క ముక్క గుర్తులేదు. చివరి జవాబు మాత్రం మర్చిపోదామన్నా వదల్లేదు.

‘నాకంటే ఒక్క రోజు ముందు వీడు పోవాలి.’

ఛీ, ఏ తల్లయినా రాసే మాటేనా అది! వాడికి తెలిస్తే ఇంకెలా బతకడం?

మొదటి రోజే టైపు కొట్టే అమ్మాయిని పక్కకి పిలిచి బతిమాలింది.

“అమ్మా, ఆ పదిహేడు నాది. తీసెయ్యకూడదూ? నీకు పుణ్యముంటుంది.”

“తీస్తే నా ఉద్యోగం ఊడుతుంది ఆంటీ. అయినా మీకెందుకంత భయం? పేర్లుండవు, అడ్రసులుండవు. చేతిరాత కూడా కనపడదు, అన్నీ నేనే టైపు కొట్టి ఇస్తున్నా. దేవుడు దిగొచ్చినా ఎవరిదో చెప్పలేడు.”

అప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు మళ్ళీ పోతోంది.

“కొడుకు పోవాలని ఇంత స్పష్టంగా రాస్తే భయమంటారేంటండీ?” ప్రొఫెసరు కాగితం ఊపాడు. “ఇది అయిష్టం. కళ్ళ ముందు కనపడుతోంది!”

“ఒక్క రోజు ముందు అని రాసింది.”

“అయితే?”

“అక్కర్లేకపోతే ఇప్పుడే పోవాలని రాస్తుంది. ఈవిడ చివరిదాకా ఉండమంటోంది. ఆ తర్వాత ఎవరు చూస్తారని భయం.”

“ఆవిడ మనసులో ఏముందో మీకెలా తెలుసు?”

“మీరు చివరి ప్రశ్న ఒక్కటే చదివారు,” అన్నాడు కొడుకు, కిటికీకేసి చూస్తూ. “నేను మొత్తం చదివాను.”

ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని ఫారం మొదటి నుంచీ చదివాడు. తర్వాత కాగితాన్ని భయం ట్రేలో పెట్టి సంతకం చేశాడు. దాని కిందే కొడుకు కూడా చేశాడు.

తల్లి కళ్ళు తుడుచుకుంది. గండం గడిచింది. కానీ ఎవరో పరాయి తల్లనుకుని మూడు రోజులు వెనకేసుకొచ్చాడు పిచ్చి సన్నాసి. తనేనని తెలిస్తే ఆ నోటితోనే ఏమనేవాడో!

బస్సులో ఉండబట్టలేక అడిగింది.

“ఆవిడ మీద నీకు కోపం రాలేదా నాన్నా?”

“రాలేదు.”



ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. వాడు ఎప్పటిలాగే లెక్కపెడుతూ ముందు ఎక్కాడు. ఆమె ఆయాసపడుతూ వెనకాలే వచ్చింది.

“ముప్పై మూడు, ముప్పై నాలుగు,” పైమెట్టు మీద ఆగి అన్నాడు.

“సరిపోయిందా?” సంచీలో తాళంచెవి వెతుక్కుంటూ అలవాటుగా అడిగింది తల్లి.

“సరిపోయిందమ్మా,” అన్నాడు గోడకేసి చూస్తూ.

“ఫారంలో నువ్వు రాసిందీ ముప్పై నాలుగే.”