దౌలత్ ఏడవదు

"నీ బస్బూసా మిఠాయి మాకొద్దక్కా," అంది ఉమ్ కరీమ్, తలుపు సగమే తీసి.

"విషం కలిపేది దౌలత్ కదే! నేను ఇనాయత్‌ని. ఇరవై ఏళ్లుగా నీ పక్కింటి దాన్ని."

"తెలుసక్కా. కానీ నిన్న ఆ పెళ్లికొడుకు ఇదే తిని నురగలు కక్కుకుని పోయాడు. మా పిల్లలు చూశారు. ఎలా తింటారు చెప్పు?"

తలుపు మూసుకుంది.

షుబ్రా పేటలోని ఆ పాత భవనంలో రంజాన్ వస్తే పళ్లేలు ఇంటింటికీ తిరుగుతాయి. వచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపరు. ఈ ఏడు మాత్రం ఇనాయత్ పళ్లేన్ని ఎవరూ అందుకోవడం లేదు. ఇఫ్తార్ అవగానే వచ్చే హత్యల సీరియల్‌లో ఆమె దౌలత్. ఆస్తి కోసం మిఠాయిలో విషం కలిపి అయినవాళ్లను ఒక్కొక్కరినే చంపుతుంది. ఎవరి మీదా జాలి పడదు. రొట్టెల కొట్టువాడు కూడా మొన్న ఆమెను చూసి, "రేపు ఎవరి వంతమ్మా?" అన్నాడు.

ఇనాయత్ పళ్లెం పట్టుకుని పై అంతస్తుకు ఎక్కింది. అక్కడ ఉస్తాద్ వగ్దీ ఒక్కడే ఉంటాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి మూడేళ్లయింది. గుమ్మంలోనే నిలబడి రెండు చేతులా పళ్లెం అందుకుని, ఖాళీ చేసి, ఖర్జూరాలు నింపి తిరిగి ఇచ్చాడు.

"ఖాళీ పళ్లెం పంపితే మా సుహైర్ కలలోకొచ్చి తిడుతుంది," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "దౌలత్ చివరికి ఏడవదు కదా?" అని అడిగాడు.

"ఏమో ఉస్తాద్. చివరి భాగం ఇంకా రాయనేలేదు."

"ఏడవనివ్వకండి. 'నాకు నిద్ర బాగానే పట్టింది' అన్నారే ఆవిడ, ఆ మాటకు నా ఒళ్లు జలదరించింది. అలాంటి మనిషి ఏడిస్తే అంతా పాడవుతుంది."

ఇనాయత్ మెట్లు దిగేటప్పుడు పళ్లెం తేలిగ్గా అనిపించింది.

ఇరవయ్యేడో రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా నిర్మాత షౌకత్ ఫోన్ చేశాడు.

"చివరి భాగం మారుస్తున్నాం. కోర్టులో దౌలత్ భోరున ఏడుస్తుంది. చచ్చిపోయిన వాళ్లందరి పేర్లూ చెప్పి క్షమాపణ అడుగుతుంది."

"అడగదు."

"జనం మిమ్మల్ని తిట్టిపోస్తున్నారు మేడమ్!"

"తిట్టనీ. ముప్పై ఏళ్లు తెర మీద ఏడ్చాను షౌకత్. తల్లిగా ఏడ్చాను, విధవగా ఏడ్చాను, చివరికి పెళ్లిలో కూడా ఏడ్చాను. ఏడవని ఆడదాన్ని ఒక్కదాన్ని ఇచ్చారు. దాన్ని కూడా ఏడిపిస్తావా?"

"అసలు దౌలత్ ఎవరికి నచ్చింది?"

"మా పై అంతస్తాయనకు. రోజూ చూస్తాడు."

"ఒక్కడికా?"

"ఒక్కడు చాలు."

"వచ్చే ఏడు మీకు వేషం ఉండదు. ఆలోచించుకోండి."

ఫోన్ పెట్టేశాక ఉమ్ కరీమ్ గుమ్మంలో కనిపించింది. మాటలన్నీ వినే ఉంటుంది. "ఒక్కసారి ఏడ్చెయ్యక్కా," అంది మెత్తగా. "మేమంతా మర్చిపోతాం. పండక్కి నీ పళ్లెం మొదట నేనే తీసుకుంటాను."

ఇనాయత్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఆవిడ వెళ్లిపోయాక పొయ్యి దగ్గరికొచ్చింది. వెలుతురు కోసం భవనం మధ్యలో వదిలిన సందులోకి అన్ని వంటిళ్ల కిటికీలూ తెరుచుకుంటాయి. ఎండ వేడికి ఆమె కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సీరియల్‌లో తన మాటలన్నీ అక్కడే వల్లించుకోవడం ఆమెకు అలవాటు.

జడ్జి గొంతు కూడా తనే తెచ్చుకుని, "చేసినదానికి బాధ లేదా?" అని అడిగింది. గరిటె పక్కన పెట్టి దౌలత్ అయిపోయింది.

"ఆకలిగా ఉంది సార్. అంతకు మించి ఏమీ లేదు."

అంటూనే గిన్నె మీద మూత దబ్బున మూసింది. ఆ చప్పుడు సందులో పైదాకా మోగింది.

షూటింగ్‌లో మేకప్ అమ్మాయి కన్నీళ్లు రావడానికి కళ్లలో వేసుకోమని మందు చుక్కల సీసా ఇచ్చింది. ఇనాయత్ దాన్ని జేబులో వేసుకుంది. ఇనప చువ్వల బోనులో, ఒట్టి చేతులతో, జడ్జి కళ్లలోకి చూస్తూ తన మాటే చెప్పింది. షౌకత్ కేకలు వేశాడు. మళ్లీ తీయడానికి వ్యవధి లేదు. ఆ భాగం మర్నాడే ప్రసారం. ఉన్నదే వేశారు.

ఆ సాయంత్రం అది వచ్చినంతసేపూ వీధిలో ఒక్క హారన్ మోగలేదు.

పండగ ఉదయం ఇనాయత్ కహ్క్ బిస్కట్ల పళ్లేలతో బయల్దేరింది. మెట్ల దగ్గర ఉమ్ కరీమ్ అడ్డొచ్చింది.

"ఆకలిగా ఉందా? ఇంత రాతిగుండె దాన్ని నా జన్మలో చూడలేదు! రాత్రంతా దాన్ని తిడుతూనే ఉన్నాం," అంది. తర్వాత ఒక కహ్క్ తీసుకుని, విరిచి, వాసన చూసి, కళ్లు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకుంది.

ఇనాయత్ నవ్వుకుంటూ పైకెక్కింది. పండగ కదా, ఉస్తాద్ వగ్దీ మొదటిసారి లోపలికి పిలిచాడు.

"ఏడవలేదు!" అన్నాడు, గెలిచింది తానే అన్నట్టు. "ఆకలిగా ఉందని మూత దబ్బున మూశారే! నా చేతిలో కత్తీ ఉల్లిపాయా అక్కడే ఆగిపోయాయి."

"మూతా?" అంది ఇనాయత్.

కోర్టు బోనులో మూత ఎక్కడిది? ఆమె చుట్టూ చూసింది. నాలుగు గోడలా పుస్తకాలు, మధ్యలో సుహైర్ ఫొటో. అవతల వంటింటి కిటికీ తెరిచి ఉంది. కిటికీలోంచి, సందుకు అటువైపు కింద, తన పొయ్యీ దాని మీది గిన్నే కనిపిస్తున్నాయి.

ఆ ఇంట్లో టీవీ లేదు.