గట్టు మీద అచ్చులు

“చెప్పు బావా, ఈ అచ్చులు ఎవరి బండివి?”

పోతురాజు తన రొయ్యల చెరువు గట్టు మీద గొంతుక్కూర్చుని, తడిమట్టిలో దిగిన టైరు గుర్తు మీద అరచెయ్యి పెట్టి అడిగాడు. చెయ్యి పక్కన ఇంకో రెండు వేళ్ల జాగా మిగిలింది. చుట్టుపక్కల మూడు ఊళ్లలో అంత వెడల్పు టైర్లున్న పికప్పు ఒక్కటే ఉంది. అది ఎదురుగా నిలబడ్డ సూరిబాబుది.

ఆ రోజు పొద్దున్నే రొయ్యల పట్టుబడి జరగాలి. తీరా వల లాగి చూస్తే సగానికి సగం సరుకు లేదు. రాత్రికి రాత్రే ఎవడో చెరువు ఊడ్చుకుపోయాడు. కాపలావాడు జ్వరమని ఇంటికి వెళ్లిపోయిన సంగతి ఇద్దరికే తెలుసు. ఒకడు పోతురాజు. రెండోవాడు, అతను నోరారా బావా అని పిలుచుకునే ఈ సూరిబాబు.

“ఇరవై ఏళ్లుగా ఒకే కంచంలో తిన్నాం కదరా! నోరు తెరిచి అడిగితే సగం చెరువు రాసిచ్చేవాణ్ణి. ఇందాకే స్టేషన్లో నీ పేరు ఇచ్చొచ్చాను.”

“నా పేరు ఇచ్చావా?” సూరిబాబు మొహం పాలిపోయింది. “ఈ టైర్లు ఎవరికోసం వేయించాను బావా? వానలప్పుడు నీ మేత బస్తాలు వేసుకొస్తే నా బండి పొట్ట గట్టుకి ఆనుకుపోయేది. పెద్ద టైర్లు వేయించరా అని నువ్వేగా నా ప్రాణం తీశావు? ఇప్పుడు ఆ టైర్లే నన్ను దొంగని చేశాయా!”

పోతురాజు మొహం తిప్పుకున్నాడు. ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఇంకా కడుపు మండింది. మనవాడు కదా అని మోటారు షెడ్డు తాళాలు కూడా చేతిలో పెట్టినందుకు తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపించింది.

సూరిబాబు అచ్చుల వెంట గట్టు చివరిదాకా నడిచాడు. అక్కడ ఎడమ పక్క చెరువు, కుడి పక్క మోటారు షెడ్డు ముందు కాస్త ఖాళీ స్థలం. రాత్రి వచ్చిన బండి ఆ ఖాళీలో గుండ్రంగా ఒక్క చుట్టు తిరిగి, వచ్చిన దారినే పోయింది. ఎక్కడా ఆగి వెనక్కి జరిగిన గుర్తు లేదు.

“ఇటు రా. నా బండి ఇక్కడ ఇలా తిరగడం నువ్వెప్పుడైనా చూశావా?”

పోతురాజు ఆలోచించాడు. చూడలేదు. టైర్లు మార్చిన ఈ ఆర్నెల్లూ సూరిబాబు రోడ్డు దగ్గర్నుంచి గట్టు చివరిదాకా రివర్సులోనే వస్తున్నాడు. ఏంటండీ, మీ బండికి ముందుకి రావడం చేతకాదా అని కూలీలు ఆటపట్టించేవాళ్లు కూడా.

“ఎందుకో విజయ్ పాల్‌నే అడుగుదాం” అని సూరిబాబు మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

“అయ్యో, నేను వద్దని మొత్తుకున్నానండి!” అన్నాడు విజయ్ పాల్. “అసలే పాత బండి. లిఫ్ట్ కిట్టు వేసి బాడీ పైకి లేపకుండా అంత పెద్ద టైర్లు వేస్తే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు రాసుకుంటాయండి. అందులోనూ దానికి ముందు ఎడమ మూల సొట్ట...”

“విన్నావుగా!” సూరిబాబు ఫోన్ కట్టేశాడు. “మాట నమ్మకపోతే కళ్లతో చూడు.”

బండి రోడ్డు వారన ఉంది. సూరిబాబు ఎక్కి స్టార్ట్ చేసి, స్టీరింగు ఎడమకి తిప్పుతూ కదిలించాడు. సగం తిరిగిందో లేదో, టైరు బంపరు మూలకి రాసుకుని కర్రుమంది. ఇంకా బలంగా తిప్పేసరికి రబ్బరు మాడిన వాసన వచ్చి బండి ఆగిపోయింది.

“ఇది ఒక్క చుట్టులో తిరుగుద్దా? నువ్వే చెప్పు!”

పోతురాజు తల పట్టుకున్నాడు. ఎవడో ఎక్కణ్ణుంచో అలాంటి టైర్ల బండే వేసుకొచ్చి దోచుకుపోతే, తను పోయి పోయి ప్రాణస్నేహితుణ్ణి పోలీసులకి పట్టిచ్చాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా! సూరిబాబు చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అరగంటలో ఇద్దరూ అదే బండిలో స్టేషన్‌కి బయల్దేరారు. అంతసేపు కూడా ఆగలేక, దారిలోనే పోతురాజు ఫోన్ చేశాడు.

“ఎస్సైగారూ, పొరపాటు నాదండి. మా సూరిబాబు పేరు కొట్టేయండి. ఆయ్, వచ్చి రాసిస్తానండి. ఆడికి నాదీ పూచీ.”

సూరిబాబు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “దొంగ అన్నందుకు కాదు బావా. ఆ మాట నువ్వన్నావు చూడు, అదీ నా బాధ.”

“చెంపలేసుకుంటున్నా, ఇంక వదిలెయ్యరా. స్టేషన్ సంగతి తర్వాత. ముందు బండి వెనక్కి తిప్పు, ద్రాక్షారామం పోదాం. నిన్ను అనుమానించిన పాపం ఆ భీమేశ్వరుడి ముందే కడుక్కోవాలి.”

“అలాగే పద!” సూరిబాబు మొహం విప్పారింది.

కాలువ లాకుల దగ్గర రోడ్డు వెడల్పైంది. సూరిబాబు ఎదురుగా ఏ బండీ రావడం లేదని చూసుకుని, ఏదో చెప్పి నవ్వుతూ స్టీరింగు చకచకా కుడికి తిప్పాడు. బండి గుండ్రంగా ఒక్క చుట్టు తిరిగి ద్రాక్షారామం దారి పట్టింది. టైరు ఎక్కడా రాసుకోలేదు.

పోతురాజు చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది.

గట్టు మీద అచ్చులు తిరిగిందీ కుడికే.