పొదుపే సేవ

"ఫ్యాను వేసుకోనా అమ్మా?" అంటూ స్విచ్ దగ్గరికి వెళ్ళాడు వెల్డరు. ఎండన పడి వచ్చాడేమో, చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"తిరగదు నాయనా. కరెంటు పొదుపు," అంది కుర్చీలో ఉన్నావిడ.

అది ఎమ్మెల్యే గారి ఆఫీసు. గుమ్మం పైన గోడంత బోర్డు. బోర్డు నిండా ఆయన నవ్వు. నవ్వు కింద 'పొదుపే సేవ' అని బంగారు రంగు అక్షరాలు. ఆ బోర్డుకి తగలేసిన డబ్బుతో వీధికి రెండు దీపాలు వచ్చేవని, ఎదురుగా టీ కొట్టాయన వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతుంటాడు.

లోపల నాలుగు బల్లలు. మూడింటి దగ్గర మనుషుల్లేరు. నేల మాత్రం అద్దంలా ఉంది.

"గుమాస్తా గారు లేరా?"

"పొదుపు."

"ఆఫీసు ఫోను?"

"అదీ పొదుపే. మన ఎమ్మెల్యే గారి చెయ్యి అలాంటిది. అలా తిప్పితే చాలు, ఉన్నది లేకుండా పోతుంది. కూర్చో. ఆ పుస్తకంలో నీ సంగతి నువ్వే రాసి, పైకి చదువు. రాసేవాళ్ళు కూడా పొదుపులో పోయారు."

వెల్డరు రాశాడు. చదివాడు.

భార్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. వీధి చివర ఆగే మధ్యాహ్నం బస్సు నెల నుంచి రావడం లేదు. మోటారుసైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరి నడుములకీ కలిపి తువ్వాలు కట్టి తీసుకెళ్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమెకి కళ్ళు తిరుగుతాయి. మొన్న ఇద్దరూ కలిసే పడ్డారు.

"ఇక నేను రాను, నన్నిలా వదిలెయ్ అంటోందమ్మా," అన్నాడు. ఈ మాట పుస్తకంలో రాయలేదు.

ఆవిడ చెయ్యి చాపింది.

"నీ ఫోను ఇటివ్వు. ఆ గోడ కాగితం మీద డిపో మేనేజరు నెంబరుంటుంది చూడు. కొట్టు."

"ఎవరు?" అంది అవతలి గొంతు విసుగ్గా.

"ఎమ్మెల్యే గారి ఆఫీసు నుంచి."

"చెప్పండి మేడమ్!" గొంతు లేచి నిలబడింది.

"మధ్యాహ్నం ఆసుపత్రి బస్సు ఏమైంది?"

"ఆపేశాం మేడమ్. సారే కదండీ ఖర్చులు తగ్గించమన్నది."

"ఖర్చులు తగ్గించమన్నారా, మనుషుల్ని తగ్గించమన్నారా? ఆ డ్రైవరు ఇప్పుడేం చేస్తున్నాడు?"

"డిపోలోనే... కూర్చుంటున్నాడండీ."

"జీతం?"

"ఇస్తున్నామండీ."

"అయితే ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తే పొదుపు, బండి తోలిస్తే దుబారానా? బాగుంది. ఈ లెక్క మీకెవరు నేర్పారండీ?"

"పైనుంచి ఆర్డరు కావాలి మేడమ్..."

"ఎంత పైనుంచి? ఇక్కడొక మనిషి పైకెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ఆ ఆర్డరు ఆమెనే తెచ్చిపెట్టమంటారా?"

అవతల గబగబా కాగితాలు తిరగేసిన చప్పుడు.

"సోమవారం నుంచి వేస్తాను. సార్‌తో మాత్రం చెప్పకండి మేడమ్."

"నేనెందుకు చెబుతాను!"

సోమవారం బస్సొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి వీధి చివర ఆగి, హారను కూడా కొట్టింది.

ఆ సాయంత్రమే వెల్డరు ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడు.

"మీ పేరు చెప్పండమ్మా, పేపర్లో వేయిస్తాను."

"నా పేరుతో ఏం పని? ఎమ్మెల్యే గారికి ఉత్తరం రాయి. అంతా మీ చలవే అని రాయి. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళ చేతా అదే రాయిస్తాను. పొగడ్త పడ్డ చెవి వేరే ఏమీ వినదు. మన పని మనం చేసుకోవచ్చు."

రెండు వారాల తరవాత, బస్సు కోసం వచ్చిన మొగుడూ పెళ్ళాం టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. కొట్టు టీవీలో శాసనసభ. ఎమ్మెల్యే గారు లేచారు. చేతిలో ఉత్తరాల కట్ట.

"అధ్యక్షా! ప్రజాసేవకి డబ్బు కావాలనే వాళ్ళకి ఇదే నా జవాబు. ఆరు నెలల్లో మూడు వందల కృతజ్ఞతల ఉత్తరాలు! బస్సొచ్చింది, నీళ్ళొచ్చాయి, ఆగిన పింఛనొచ్చింది. నేను పెట్టిన ఖర్చెంత? సున్నా! ప్రభుత్వం పిడికిలి బిగిస్తే చాలు, పనులు వాటంతటవే అవుతాయి అధ్యక్షా!"

సభలో బల్లలు చరిచారు.

"వాటంతటవే అయ్యాయట! సొమ్మొకడిది, సోకొకడిది," అని టీ కొట్టాయన వడపోత గుడ్డని ఆ మొహం మీదికి విసరబోయి, టీవీ తనదని గుర్తొచ్చి ఆగాడు.

వెల్డరు రోడ్డు దాటి ఆఫీసులోకి వచ్చాడు.

"ఇన్ని పనులు మీరు చేస్తే, సున్నా ఖర్చంటాడేమిటమ్మా? మీ జీతం ఖర్చు కాదా?"

"ఆయన చెప్పినదాంట్లో ఆ సున్నా ఒక్కటే నిజం నాయనా."

"నాకు భయంగా ఉంది. ఈ ఊపులో మిమ్మల్ని కూడా పొదుపు చేసేస్తాడు. అప్పుడు మా బస్సు గతేంటి? మా ఇంటిదాని గతేంటి?"

ఆవిడ పకపకా నవ్వింది. "ఇక నన్నెవరూ ఇక్కణ్ణించి తీసెయ్యలేరు. బస్సు టైమయింది, వెళ్ళు."

ఆరు నెలల కిందట పొదుపు పేరు చెప్పి ఎమ్మెల్యే గారు ఆ ఆఫీసుని ఎత్తేసి అందర్నీ ఇళ్ళకి పంపేసిన రోజున, ఊడ్చే మనిషి దగ్గరున్న తాళంచెవి వెనక్కి పుచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు.