డమ్మీ లోడ్ మీద డబ్బాలు

"ఇక్కడ నువ్వు అరిచి గీపెట్టినా గేటు దాకా కూడా వినపడదు. మాట్లాడవే తల్లీ," అన్నాడు బాబాయ్.

అమ్మాయి మైకు వంక చూసింది. మైకు వైరు బెంచి మీది యాంప్లిఫయర్‌కు వెళ్తోంది. అక్కడినుంచి లావుపాటి కేబులు ఒకటి మూలనున్న ఇనుప పెట్టెలోకి దూరింది. దాన్ని డమ్మీ లోడ్ అంటారు. యాంటెన్నాకు వెళ్లాల్సిన పవరంతా అది మింగేసి వేడిగా మార్చేస్తుంది. గాలిలోకి ఒక్క ముక్క కూడా పోదు.

ఆ చిన్న రేడియో కేంద్రంలో పొయ్యి ఒక్కటే ఉంది. అది కాపలాదారు టీ పొయ్యి. అందుకని రిపేర్లు జరిగే రోజుల్లో అన్నం డబ్బాలన్నీ డమ్మీ లోడ్ మీదికే చేరతాయి.

అమ్మాయి అనౌన్సరుగా చేరి నెల కావస్తోంది. గదిలో ఒక్కతే కూర్చుని రికార్డు చేసిచ్చిన గొంతు విని అందరూ ముచ్చటపడ్డారు. తీరా స్టూడియోలో ఎర్రదీపం వెలిగేసరికి ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టయింది. అప్పటినుంచి అక్కడ ఆమె పేరు గుసగుస. ఈ వారంలోగా ప్రసారంలో మాట్లాడకపోతే పాత రికార్డులు సర్దే గదికి పంపేస్తానని మేనేజరు తేల్చేశాడు.

ఆ కేంద్రంలో మిషన్లన్నీ చూసుకునే బాబాయ్ చిన్న స్క్రూడ్రైవరుతో యాంప్లిఫయర్ బయాస్ సరిచేస్తున్నాడు. కళ్లు మీటరు మీద ఉన్నాయి.

"ఏంటి బాబాయ్ అది?"

"మాట రాకముందే దీన్ని కాస్త మేలుకొలిపి ఉంచాలి. కరెంటు తక్కువిస్తే మెల్లగా అన్న మాటల్ని నమిలేస్తుంది. ఎక్కువిస్తే పనీపాటా లేకుండానే వేడెక్కిపోతుంది."

"మన మేనేజరుగారిలాగా."

"ఆఁ, అలా మాట్లాడు. పరీక్షకు ఒట్టి కూత లాంటి టోన్ పెడితే మీటరుకే తెలుస్తుంది. మనిషి గొంతైతే నా చెవికి తెలుస్తుంది."

ఇనుప పెట్టెకు సిగ్గుపడేదేముంది? గుసగుస నోరు విప్పింది. వార్తలు చదివింది. పాటలకు ముందుమాటలు చెప్పింది. మేనేజరు దగ్గును అచ్చు దించేసింది. బాబాయ్ నవ్వలేక చచ్చాడు. వారమంతా ఇదే వరస.

శుక్రవారం పొద్దున బాబాయ్ మేనేజరు చెవిలో ఓ మాట ఊదాడు. మధ్యాహ్నం అరగంట సేపు పెద్ద ట్రాన్స్‌మిటరును ఎలాగూ ఆపాలి. ఆ అరగంటా బెంచి మీది యాంప్లిఫయరే ప్రసారాన్ని మోస్తుంది. కేబులును డమ్మీ లోడ్ నుంచి పీకి యాంటెన్నాకు తగిలిస్తే సరి. పిల్లకు మాత్రం చెప్పకూడదు.

"మధ్యలో కనిపెట్టి నోరు మూసేసుకుంటే?" అన్నాడు మేనేజరు.

"ఆ పిల్లకి కేబులుకీ బట్టలారేసే తాడుకీ తేడా తెలీదండీ. కనిపెడితే నన్ను కూడా ఆ రికార్డుల గదికే పంపండి."

మధ్యాహ్నం గుసగుస వచ్చింది. పిన్ని కట్టిచ్చిన రెండు డబ్బాలనూ డమ్మీ లోడ్ మీద పెట్టి, మైకు ముందు కూర్చుంది.

"శ్రోతలకు నమస్కారం. మా మేనేజరుగారి దగ్గు ఆగగానే మీకోసం ఒక పాట," అంటూ ఖళ్లుఖళ్లుమంది.

బాబాయ్ నాలిక కరుచుకున్నాడు. పక్క గదిలో రేడియో వింటున్న మేనేజరుకు నిజంగానే దగ్గు తెర వచ్చింది.

పాట మొదలైంది. మూలన డబ్బాల చప్పుడైంది. "నీళ్లు తాగొస్తా బాబాయ్," అంటూ గుసగుస బయటికి వెళ్లింది. బాబాయ్ మీటరు మీంచి తల తిప్పలేదు. తిప్పితే తన మొహం చూసి పసిగట్టేస్తుందని భయం.

పాట అయిపోవస్తుండగా తిరిగొచ్చింది. చున్నీ సర్దుకుని, బల్ల అంచును గట్టిగా పట్టుకుంది.

ఈసారి దగ్గు లేదు, వెక్కిరింత లేదు. టైము చెప్పింది. కేంద్రం పేరు చెప్పింది. బండి తోలేవాళ్లను, మిషన్ మీద బట్టలు కుట్టేవాళ్లను, చంటిపిల్లల్ని జోకొట్టేవాళ్లను వరసబెట్టి పలకరించింది. రెండో పాటకల్లా బల్ల అంచు వదిలేసింది. చివరిదాకా ఒక్క మాట తడబడలేదు.

అరగంట కాగానే ఫోను మోగింది. పిన్ని.

"ఏమండీ, రేడియోలో మన పిల్లేనా? పక్కింటావిడ పని మానుకుని వచ్చి కూర్చుంది ఇక్కడ."

వెనకే మేనేజరు వచ్చాడు. "నా దగ్గు ఊరంతా విన్నారమ్మా. పోన్లే. రేపట్నుంచి పొద్దుటి కార్యక్రమం నీదే."

గుసగుస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదంతా బయటికి వెళ్లిందా?"

బాబాయ్ కాలరెగరేశాడు. "కేబులు మార్చింది నేనే. ముందే చెబితే నీకు నోరు పెగిలేదా? అందుకే చెప్పలేదు. ఎలా ఉంది మన తెలివి?"

"నీకు నువ్వే సాటి బాబాయ్."

"సర్లే, ముందు అన్నం తిందాం పద. ఆకలి దంచేస్తోంది. ఆ డబ్బాలిటు తే."

"నీది చల్లగానే ఉంటుంది బాబాయ్," అంది గుసగుస, "మొదటి పాటప్పుడు ముట్టుకుంటే ఆ పెట్టె అసలు వేడే ఎక్కలేదని, నాది తీసుకెళ్లి కాపలాదారు పొయ్యి మీద పెట్టి వచ్చాను."