కిటికీ పక్క చోటు

"చెప్పొద్దు. ఏడవొద్దు, నవ్వొద్దు. రోజూలాగే వచ్చి నాతో పోట్లాడు," అని పొద్దున్నే అక్కకు గట్టిగా చెప్పాను.

మేం అచ్చుగుద్దినట్టుండే కవలలం. అమ్మను మింగేసిన అల్జీమర్స్ ముప్పు మా జన్యువుల్లో ఉందో లేదో తెలుసుకోవాలని అక్క పరీక్ష చేయించుకుంది. నాకు తెలుసుకోవాలని లేదు. కానీ ఇద్దరివీ ఒకే జన్యువులు. ఆమె ఫలితమే నాదీనూ.

సాయంత్రం అక్క ఆ ఫలితం తెలుసుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా మా కుట్టు దుకాణానికి వచ్చింది. నేను తలెత్తకుండా మెషిన్ తొక్కుతున్నాను.

"మళ్లీ కిటికీ పక్కన చేరావా? అది నా చోటు, లే!"

ప్రాణం లేచొచ్చింది. "నీ పేరు రాసుందా? లేవను!"

"వెలుతురు లేకుండా నేనెలా కుట్టేది, నీ తలకాయ!"

"నేను మాత్రం చీకట్లో కుట్టాలా? పోవే!"

అక్క గొంతు పెంచింది. నేనింకా పెంచాను. హమ్మయ్య, ఏమీ లేదన్నమాట అనుకున్నాను.

అంతలో అక్క చెయ్యి నా భుజం మీద పడింది.

"సరేలే. ఇకనుంచి నువ్వే కూర్చో."

ఊహ తెలిసినప్పటి నుంచీ అక్క నాకు దేన్నీ వదిలిపెట్టింది లేదు. మెషిన్ మీద నా కాలు ఆగిపోయింది.

"చెప్పొద్దన్నాను కదే," అన్నాను.